టెస్టయిన శాంపిల్

దొరస్వామి ఎవరికీ రెండోసారి టెస్ట్ చేసేవాడు కాదు. పలమనేరుకి ఏడు కిలోమీటర్ల అవతల ఉన్న ఆ ఊరి పాల కేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాడు. ఇరవై తొమ్మిదేళ్ళూ అదే మొండితనం. రైతు క్యాను మూత తీస్తే, గరిటెతో అడుగుదాకా కలిపి, చిన్న గ్లాసుడు పాలు ముంచుకునేవాడు. వెన్న శాతం చూసే మెషీన్ కింద పెట్టేవాడు. అంకె వచ్చాక అందరికీ వినపడేలా చదివి, కాగితం మీద రాసేవాడు. గ్లాసులో మిగిలిన పాలు కాలి పక్కనున్న బక్కెట్‌లో పోసేవాడు. బక్కెట్‌లో పడ్డాక అవి ఎవరి ఆవు పాలో దేవుడు కూడా చెప్పలేడు.

“ఇంగోసారి సూడన్నా,” అనేవాడు మునస్వామి. అతనికి రెండు సీమావులు. ఫ్యాట్ తగ్గిందంటే ఆవుల్ని తిట్టినంత రోషం వచ్చేది. “నిన్న నాలుగుండె. ఈ పొద్దు మూడున్నరంటే ఎట్ల? ఆవు మారలే, గడ్డి మారలే.”

“నీళ్ళు మారినాయేమో.”

“నేను నీళ్ళు పోసే మనిషినా అన్నా?”

“నన్నడిగితే ఎట్ల, మెషీన్ని అడుగు. అయినా శాంపిల్ బక్కెట్లో పడిపాయె కదప్పా. టెస్టయిన శాంపిల్ దేనికి పనికొస్తాది? పెరుక్కి తప్ప.”

లైన్లో ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ బక్కెట్ పాలు దొరస్వామి ఇంటికే పోతాయని, అతని భార్య చంద్రకాంతమ్మ తోడేసే పెరుగు ఊరందరి ఆవులదీ అని అందరికీ తెలుసు. అన్ని పాల కేంద్రాల్లోనూ అంతే. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఎందుకంటే దొరస్వామి ఒకరి అంకె పెంచడు, ఒకరి అంకె తగ్గించడు. సర్పంచు పాలైనా ముండమోపి పాలైనా అదే గరిటె, అదే గొంతు. మంచివాడా అంటే ఊళ్ళో ఎవరూ అవుననరు. దొంగా అంటే ఎవరూ ఒప్పుకోరు.

మెషీన్ రాకముందు టెస్ట్ అంటే గాజుగొట్టాలు, ఆసిడ్. పాలలో ఆసిడ్ కలిపి గిర్రున తిప్పితే వెన్న పైకి తేలేది. దొరస్వామి కుడిచేతి మీద ఆసిడ్ చింది కాలిన మచ్చలు నాలుగైదు ఉంటాయి. వాడేసిన ఆసిడ్ పోయడానికి కేంద్రం వెనక నడుములోతు గుంత తవ్వించాడు. మెషీన్ వచ్చాక ఆ గుంతలో పగిలిన గొట్టాలు, కడిగిన నీళ్ళు, చెత్త పడుతుండేవి.

కడుపు నొప్పి మొదలైనప్పుడు అతనికి యాభై రెండేళ్ళు. ఏడాదిపాటు సోడాతో, జీలకర్ర నీళ్ళతో నెట్టుకొచ్చాడు. రక్తం వాంతయ్యాక చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేశారు. కేన్సర్ అన్నారు. తర్వాత ఆరు నెలలు తిరుపతి ఆసుపత్రి చుట్టూ తిరిగి కీమో ఎక్కించుకున్నాడు. తిరుపతి వాళ్ళు కోసిన ముక్కని తాము కూడా చూడాలన్నారు. దాంతో చిత్తూరు ల్యాబ్‌కి పోయి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చుకున్నాడు. అందులో మైనం బిళ్ళలు నాలుగు. ఒక్కోదాంట్లో గోరంత మాంసం ముక్క, బెల్లంలో చిక్కిన చీమలాగా.

తిరుపతి వాళ్ళు చూసి డబ్బా తిరిగిచ్చేశారు. ఇచ్చినాయన తలెత్తకుండా, “మీ శాంపిల్, పెట్టుకోండి,” అన్నాడు. ఎందుకు పెట్టుకోవాలో చెప్పలేదు. ఎన్నాళ్ళో చెప్పలేదు. ఇది పోతే నీ ప్రాణానికే మోసం అన్న మాట ఎవరి నోట్లోంచీ రాలేదు. వరసలో వెనక నలభై మంది ఉన్నారు.

ఇంటికొచ్చి డబ్బా గూట్లో పెట్టబోతే చంద్రకాంతమ్మ అడిగింది.

“ఏందయ్యా అది?”

“నా కడుపు.”

“ఎగతాళి సాలు గానీ, ఏందది?”

“కోసినారు కదా, ఆ ముక్కలే. మైనంలో పెట్టిచ్చినారు.”

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. “దేవుడి గూట్లో వద్దు. వంటింట్లో వద్దు. ఇంగ యాడన్నా పెట్టుకో.” పారేయమని ఆమె అనలేదు. దొరస్వామికి ఆ తేడా బాగా తెలుసు.

ఉన్నవి రెండు గదులు. అందులో ఒకటి వంటిల్లు, ఇంకోదాంట్లో దేవుడు. ఇక మిగిలింది పాల కేంద్రమే. తీసుకుపోయి అక్కడ పై అరలో, పాత గాజుగొట్టాల వెనక పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఏడాది తిరిగాక డెయిరీ నుంచి ఆఫీసర్లు తనిఖీకి వస్తారని కబురొచ్చింది. అరలన్నీ కడుగుతుంటే డబ్బా చేతికి తగిలింది. మనిషి అప్పటికి బాగున్నాడు. రెండు పూటలా సంగటి తింటున్నాడు. రిపోర్టు ఫైల్లో భద్రంగా ఉంది. అంకె రాసేశాక ఇంక ఈ గ్లాసుతో పనేమిటి? వెనక్కి పోయి, డబ్బాని గుంతలోకి విసిరేశాడు. చేతులు కడుక్కుని వచ్చి మిగతా అరలు కడిగాడు. ఆ రోజు ఆఫీసర్లు కేంద్రం శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు కూడా.

పోయిన జనవరిలో జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి లివర్‌లో. తిరుపతిలో ఇప్పుడు చూస్తున్నది కృపారాణి అనే డాక్టరమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. విసుక్కోకుండా మాట్లాడుతుంది. దొరస్వామి వెంట కూతురు ఐశ్వర్య వచ్చింది. తిరుపతిలోనే ఒక బట్టల కొట్లో బిల్లులు కొట్టే పని ఆమెది.

డాక్టరమ్మ కాగితం మీద ఒక గుండ్రటి గీత గీసి, దాని చుట్టూ చిన్న చిన్న కొక్కేలు గీసింది.

“ఇది కణం అనుకోండి. ఈ కొక్కేలు దాని చెవులు. బయటి నుంచి ‘పెరుగు, రెండుగా చీలు’ అని సంకేతం వస్తుంది. చెవి విని లోపలికి చేరవేస్తుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి, అట్లా మాట నడిచిపోతుంది. మామూలు కణానికి చెవులు కొన్నే. కొందరి కేన్సర్‌లో మాత్రం ఒళ్ళంతా చెవులే. ఎవరూ పిలవకపోయినా పిలిచినట్టే పెరుగుతుంటుంది. ఆ చెవి పేరు హర్ టూ. దాన్ని మూసే మందు ఉంది.”

“అయితే వేయండి మేడమ్,” అంది ఐశ్వర్య.

“అందరికీ పనిచేయదమ్మా. చెవులు ఎక్కువున్న వాళ్ళకే. కడుపు కేన్సర్ వచ్చినోళ్ళలో అయిదారుగురికి ఒకరుంటారు. లేనివాళ్ళకి వేస్తే నీళ్ళు పట్టించినట్టే.”

దొరస్వామి ఆ బొమ్మనే చూస్తున్నాడు. “ఆవు పాలు, ఎనుము పాలు సూసేదానికి రెండూ తెల్లగానే ఉంటాయి మేడమ్,” అన్నాడు. “మెషీన్లో బటన్ మాత్రం వేరు. తెలుసుకోకుండా నొక్కితే రీడింగే తప్పు.”

డాక్టరమ్మ తలెత్తి చూసింది. “సరిగ్గా అంతే. ఇంత బాగా నేను కూడా చెప్పలేదు ఎవరికీ.”

ఆ మాటకి అతను కొంచెం పొంగాడు కూడా.

“నయమైపోతాదా?”

“నయం కాదు దొరస్వామి గారూ. అబద్ధం చెప్పను. కానీ సరిపోయిన వాళ్ళకి కాలం ఇస్తుంది. మంచంలో పడి ఉండే కాలం కాదు, లేచి తిరిగే కాలం. ఆపరేషన్ అప్పటి మైనం బిళ్ళలు తెండి. వాటిమీద టెస్ట్ చేస్తే వారంలో తెలిసిపోతుంది. కొత్తగా లివర్‌లోకి సూది దించాలంటే పొట్టలో నీరు చేరింది, రక్తం కూడా తొందరగా గడ్డకట్టడం లేదు. ప్రమాదం. పాత బిళ్ళలే మనకి దిక్కు.”

 ఇంట్లో ఉన్నాయని చెప్పి దొరస్వామి బయటికి వచ్చేశాడు.

బస్సు చంద్రగిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కేదాకా లోపల అదే లెక్క. గుంతలో వేశానని చెబితే, గుంత దగ్గరికి ఎందుకు పోయిందంటారు. కేంద్రంలో పెట్టుకున్నానని చెప్పాలి. రెండు పూటలా మూడొందల లీటర్ల పాలు పోసే గదిలో, క్యాన్ల నెత్తిమీద, ఏడాదిపాటు కేన్సర్ మాంసం. రేపు పొద్దున ఒక్కడు పాలు పోస్తాడా? డెయిరీ వాళ్ళు ఊరుకుంటారా? ఆ మాంసం ఎవరినీ ఏమీ చేయదని అతనికి తెలుసు. ఊరికి ఎవరు చెప్తారు? మునస్వామి ఒక్కడు చాలు, సంతలో టముకు వేయడానికి. ఇరవై తొమ్మిదేళ్ళు ఒక్క మాట పడనివాడు చచ్చేముందు పడాలా?

ఇంటికొచ్చి గూట్లో, పెట్టెలో, మంచం కింద వెతికినట్టు నటించాడు. వెంట వచ్చిన ఐశ్వర్య కూడా వెతికింది. చివరికి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

“ఇంట్లో పెట్టొద్దని మీ అమ్మ అంటే, దిబ్బలో పారేసినా,” అన్నాడు.

ఐశ్వర్య తల్లి వైపు తిరిగింది. “మా, నువ్వు పారేయమంటివా?”

“దేవుడి గూట్లో వద్దంటి,” అంది చంద్రకాంతమ్మ. భర్త ముఖంలోకి చూసింది. అతను దించిన తల ఎత్తలేదు. “వంటింట్లో వద్దంటి.”

“ఇంగ ఉండే ఇల్లెంత? ఆకాశంలో పెడతాడా? ఏం మనిషివి మా నువ్వు. నీ అంటూ ముట్టూ తగలబెట్ట. మొగుడి ఒంట్లోది నీకు మైలా?”

చంద్రకాంతమ్మ పార పట్టుకుని పేడదిబ్బ దగ్గరికి పోయింది. రెండు రోజులు తవ్వింది. రెండేళ్ళ పేడ, బూడిద, ఊడ్చిపోసిన చెత్త. ఒక్కో పారెడూ చేతులతో నలిపి చూసింది. యాభై ఏళ్ళ మనిషి, నడుముకి చీరకొంగు బిగించి, మోచేతులదాకా పేడతో. దొరస్వామి అరుగు మీద కూర్చుని చూశాడు. రెండో రోజు మధ్యాహ్నం, “సాలే, ఇంగ దొరకదు,” అన్నాడు.

“దొరికేదాకా తవ్వుతా,” అంది ఆమె. “నా నోట్లోంచి వచ్చిన మాటకి నేనే తవ్వాల కదా.”

అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పేడదిబ్బ అడుగు నేల కనపడ్డాక ఆమె పార పక్కన పడేసి, కాళ్ళు కడుక్కుని సంగటి వండింది.

ఐశ్వర్య చిత్తూరు పోయి ల్యాబ్‌లో అడిగింది. రిజిస్టర్ తెరిచి చూపించారు. నాలుగు బిళ్ళలూ తీసుకున్నట్టు నాయన సంతకం. ఇంకేం మిగల్లేదన్నారు.

ఆ తర్వాత పదకొండో రోజున జేసీబీ వచ్చింది. పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు డెయిరీ వాళ్ళు కేంద్రానికి ఇచ్చారు. దాన్ని దించడానికి వెనకున్న గుంత పూడ్చి దిమ్మె కట్టాలి. దొరస్వామి ఓపిక లేకపోయినా నడుచుకుంటూ పోయి నిలబడ్డాడు. మైనానికి ఆసిడ్ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. ఆ సంగతి ఏళ్ళ తరబడి ఆసిడ్‌తో బతికిన అతనికంటే ఎవరికి తెలుసు? మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బా. పగిలిన గొట్టాల కింద అక్కడే ఉంటుంది. ఒక్క మాట చాలు. ఆగప్పా, అని ఒక్క మాట.

ట్రాక్టర్ నిండా మన్ను వచ్చింది. పక్కనే మునస్వామి బీడీ ముట్టించుకుంటున్నాడు. ఇంకో పదిమంది ఉన్నారు.

“ఏమన్నా, గుంత పూడ్సేదానికి అంత దిగులా?” అన్నాడు మునస్వామి. “నీ ఆసిడ్ నాకు తగల్లేదు గానీ, నీ రీడింగులు తగిలినాయి సామీ. పూడ్సనీ, పీడ పోతాది.”

అందరూ నవ్వారు. దొరస్వామి కూడా నవ్వాడు. జేసీబీ తొట్టి వంగింది. మన్ను పడింది. మరో రెండు రోజులకి దానిమీద కాంక్రీటు పోశారు.

తిరుపతిలో వేరే దారి లేక మామూలు కీమో మొదలుపెట్టారు. పొట్టలో నీరు తీసి, రక్తం ఎక్కించి, ఫిబ్రవరి చివర సూది దించారు. వచ్చిన ముక్క చాలలేదు. కణాలు లేవు, అంతా చచ్చిన కండే అని రాశారు. జ్వరం, కామెర్లు. మళ్ళీ సూది దించడానికి ఏప్రిల్ వచ్చింది. ఆ రెండు నెలలూ సెలవు దొరికినప్పుడల్లా ఐశ్వర్య ఊరికి వచ్చేది. వచ్చినప్పుడల్లా తల్లికి తిట్లు. చంద్రకాంతమ్మ చెల్లెలు పలమనేరు నుంచి చూడడానికి వచ్చి, “ఎంత పని చేస్తివక్కా,” అని ఏడ్చిపోయింది. వీధిలో ఆడవాళ్ళు బోరింగు దగ్గర మాట ఆపేసేవాళ్ళు, ఆమె బిందె నిండి పోయేదాకా. చంద్రకాంతమ్మ రోజూ రెండు పూటలా పాల కేంద్రానికి పోయి భర్త పని కూడా తనే చేసింది. గరిటెతో అడుగుదాకా కలిపి, అంకె చదివి, రాసి వచ్చేది. ఎవరైనా ఇంకోసారి చూడమంటే చూసేది.

ఏప్రిల్ మూడో వారంలో ఐశ్వర్య మధ్యాహ్నం బస్సులో దిగింది. ఇంట్లోకి వస్తూనే చెప్పింది.

“రిపోర్ట్ వచ్చింది. పాజిటివ్.”

చంద్రకాంతమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. చాట కింద పెట్టేసి తల పట్టుకుంది. కరోనా నాళ్ళలో ఆ మాట ఇంటికి వచ్చిందంటే ఏమయ్యేదో ఆమె చూసింది. ఆమె తమ్ముడు ఆ మాటతోనే పోయాడు.

“అది మంచి మాటే,” అన్నాడు దొరస్వామి మంచం మీద నుంచి. ఒళ్ళంతా పసుపు. గొంతు సన్నగా ఉంది. “చెవులు ఉండాయని అర్థం. మందు పనిచేస్తాదని.”

“పనిచేస్తాది,” అంది ఐశ్వర్య. “సోమవారం మొదలుపెడతామనింది డాక్టరమ్మ. ఇంగో మాట కూడా అనింది నాయనా. జనవరిలో తెలిసుంటే బాగుండేదంట. అప్పుడు లివర్ ఇంత చెడిపోలేదంట. ఇప్పుడు ఎంత పనిచేస్తాదో చెప్పలేమనింది.” ఆమె తల్లి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. “విన్నావా మా? మందు ఉండాది. నాయనకి సరిపోయే మందే. నువ్వు నీ గూడు సుబ్బరంగా పెట్టుకున్నావు. నాయన్ని నువ్వే సంపుకుంటివి.”

చంద్రకాంతమ్మ చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. మట్టిబెడ్డ ఒకటి ఏరి పక్కన వేసింది.

దొరస్వామి గోడవైపు తిరిగి పడుకుని ఉంటే సరిపోయేది. ఇంక బతికేది ఎన్నాళ్ళో లేదు కూడా. అతను లేచి కూర్చున్నాడు. కూర్చోడానికే ఆయాసం వచ్చింది.

“మీ అమ్మ పారేయమనలేదు.”

“వెనకేసుకు రావద్దు నాయనా.”

“ఆమె పారేయమనలేదు. దిబ్బలో పారేసిందీ లేదు. నేనే పారేసినా. సెంటర్లో పెట్టుకోనుంటి. టెస్టయిపోయింది కదాని పారేసినా.”

చాటలో చేతులు ఆగిపోయాయి. “యాడ పారేస్తివి?” అంది చంద్రకాంతమ్మ.

“సెంటర్ ఎనక.”

“ఎనక అంటే?”

“ఆసిడ్ గుంతలో.”

చంద్రకాంతమ్మ లోపల ఏదో తేదీలు లెక్కపెట్టుకుంటున్నట్టు చూసింది.

“జేసీబీ వచ్చిన పొద్దు నువ్వు ఆడే ఉంటివి కదా.”

“ఉంటిని.”

“అప్పుడు కూడా లోపల ఉన్నట్టే కదా అది.”

“ఉన్నట్టే.”

“సెప్పలేదు.”

“ఊరంతా ఉన్నారే. పాల గదిలో పెట్టినానంటే…” అని ఆగిపోయాడు. మిగతా మాట అక్కర్లేదు.

“నేను దిబ్బ తవ్వతా ఉంటే అరుగుమీద కూసోని చూస్తివి,” అంది ఆమె. అది ప్రశ్న కాదు. తర్వాత చాట తీసుకుని లోపలికి పోయింది. ఐశ్వర్య తల్లి వెనకే రెండడుగులు వేసి గడప దగ్గర నిలబడిపోయింది. క్షమించమనే మాట ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఎట్లా మొదలుపెట్టాలో ఆ పిల్లకి తెలియలేదు.

సోమవారం మొదటి బస్సుకి చంద్రకాంతమ్మే అతన్ని తీసుకుపోయింది. మూడు వారాలకొకటి చొప్పున నాలుగు డోసులు పడ్డాయి. రెండో దాని తర్వాత కళ్ళ పసుపు తగ్గింది. పొట్ట కొంచెం దిగింది. ఒకపూట సంగటి ముద్ద అడిగి తిన్నాడు. మందు పనిచేసింది. ఆ ఇంటికి జరిగిన ద్రోహాలన్నిటికంటే పెద్దది అదే. పనిచేయకపోయి ఉంటే, ముందు తెలిసినా ఇంతేలే అనుకునేవాళ్ళు. మూడో డోసుకి మళ్ళీ జారాడు. అయిదో డోసు పడనేలేదు.

ఆ మూడు నెలల్లో చంద్రకాంతమ్మ అతనికి ఏ లోటూ చేయలేదు. గంజి కాచింది, ఒళ్ళు తుడిచింది, బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చింది. మాట మాత్రం ఒక్కటీ మాట్లాడలేదు. “మీ నాయన్ని అడుగు, గంజి తాగుతాడేమో,” అనేది ఐశ్వర్యతో, అతని మంచం మీదే కూర్చుని. ఐశ్వర్య లేనప్పుడు గోడతో అనేది. అతను గోడకే జవాబు చెప్పేవాడు.

నాలుగో డోసు రోజున తిరుపతి ఆసుపత్రిలో సూదిమందు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. దొరస్వామి పెదాలు తడుపుకుంటున్నాడు. చంద్రకాంతమ్మ పక్కనే స్టూలు మీద, చేతిలో నీళ్ళ సీసాతో ఉంది. నర్సుని పిలిచింది.

“తల్లీ, ఆయన్నొకసారి అడుగు. నీళ్ళు కావాలంటాడేమో.”

నర్సు ఇద్దరినీ చూసింది. “పక్కనే ఉండారు కదమ్మా, మీరే అడగండి.”

“నువ్వడుగు తల్లీ.”

నర్సు వంగి అడిగింది. “నీళ్ళు కావాల్నా పెద్దాయనా?”

“కావాల,” అన్నాడు దొరస్వామి, భార్యవైపు చూస్తూ.

చంద్రకాంతమ్మ సీసా మూత తీసి, నర్సు చేతికి ఇచ్చింది.